టోపీల దేశంలో మా అత్త

పోయిన నెలలో ఒక ఆదివారం, అన్నాలు తిన్నాక, మా మనవడు టీవీలో ఏదో పాత సినిమా పెట్టాడు. నేను పంతులమ్మ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఖమ్మంలోనే ఉండిపోయాను. మా మేనత్త రాజేశ్వరి ఎనభై దాటినప్పటి నుంచి నా దగ్గరే ఉంటోంది. ఆవిడకు చూపు కొంచెం మందగించింది గానీ చెవులు మాత్రం పక్కింటి కుక్కరు ఈలలు కూడా లెక్కపెడతాయి. తెర మీద ఎర్రటి దుమ్ము, చెక్క ఇళ్ల వీధి. వీధికి ఒక కొసన పెద్ద టోపీ పెట్టుకుని నడుముకు పిస్తోలు కట్టిన మనిషి. ఇంకో కొసన జడ వేసుకున్న చైనా కుర్రాడు, ఉత్త చేతులతో. ఇప్పుడు అన్నీ తెలుగులోనే వస్తున్నాయి కదా, ఆ కుర్రాడు ఎవరిదో అరువు గొంతుతో, "మా పెదనాన్న దాచిన బంగారం ఎక్కడ?" అని గర్జించాడు. కునుకు తీస్తున్న అత్త లేచి కూర్చుంది.

"అబద్ధం! వాడు బంగారం కోసం రాలే. వీళ్లకు కత తెల్వది" అంది.

"తాతమ్మా, సినిమా తీసినోళ్లకే తెల్వదా?" అన్నాడు మనవడు.

"తెల్వది. అప్పట్ల నేనే కదా చెప్పింది, నాకు తెల్వదా?"

వాడు తీర్పు కోసం నా వైపు చూశాడు. నేను జీవితమంతా పిల్లలకు తప్పొప్పులు దిద్ది బతికినదాన్ని. అయినా ఏమాత్రం తడుముకోకుండా అత్త పక్షానే నిలబడ్డాను. వాడు మమ్మల్నిద్దరినీ వింతగా చూసి రిమోటు అందుకున్నాడు. ఆ కథ అసలు ఎవరిదో వాడికి ఆ రోజు చెప్పలేకపోయాను, చెప్పేలోగా వాడి ఫోను మోగింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు దుమ్ముగూడెం దగ్గర. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క నాలుగు చేలు దాటితే అడవి. మా నాన్నకు కొత్తగూడెంలో ఉద్యోగం వచ్చినప్పుడు అక్కడ దొరికింది ఒంటిగది ఇల్లు కావడంతో, నన్ను తాత, నాయనమ్మల దగ్గర ఉంచారు. ఆ ఇంట్లో పొద్దు ఎలా తిరిగేదో నాకు వాసనలతో సహా గుర్తుంది. తెల్లారేసరికి కల్లాపి వాసన, ఆ తర్వాత పచ్చికట్టెల పొగ, ఇప్పపూలు రాలే కాలమైతే ఊరంతా తీయని మత్తు వాసన. మధ్యాహ్నం మాత్రం ఎప్పుడూ అడ్డాకుల వాసనే. అడవి ఊరి నుంచి లచ్చయ్య అనే కోయ పెద్దమనిషి కావడి మీద అడ్డాకుల కట్టలు తెచ్చి మా అరుగు మీద దించేవాడు. వాడకట్టులోని ఆడవాళ్లంతా చేరి, వెదురు పుల్లలతో వాటిని విస్తళ్లుగా కుట్టేవాళ్లు. చేతులు కుడుతూ ఉంటే చెవులు ఊరికే ఉండవు కదా, మా అత్త పురాణం చదివి వినిపించేది.

చదివి అన్నానే గానీ, ఆ పుస్తకానికి అట్టలు లేవు, మధ్యలో బోలెడు పుటలు చెదలు తినేశాయి. పుట లేని చోట అత్త ఆగేది కాదు. కళ్లు పుస్తకం మీదే ఉంచి, అదే రాగంతో, తన సొంత కథ అల్లుకుంటూ పోయి, పుట ఉన్న చోట దర్జాగా దిగేది. ఏది పుస్తకంలోదో ఏది అత్తదో ఎవరికీ తెలిసేది కాదు. ఆకులు దించిన లచ్చయ్య కూడా వెంటనే పోకుండా స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. అరుగు అవతలి కొసన మా తాత, అందరికీ వీపు పెట్టి, తాడు పేనుతూ కూర్చునేవాడు. తాను పురాణం వినడం లేదని ఆయన ఉద్దేశం. కానీ కథలో యుద్ధం మొదలైతే తాడు ఆగిపోయేది. ఎవరైనా మూర్ఛపోతే మళ్లీ లేచేదాకా తాడు కదిలేది కాదు.

వీపు ఎందుకంటే, మా తాత మా అత్తతో మాట్లాడేవాడు కాదు. బోనకల్ దగ్గర ఒక ఇంటికి ఆమెను ఇచ్చారు. భర్త చెయ్యి చేసుకునేవాడు. రెండేళ్లు ఓర్చుకుని, ఒక రోజు రైలెక్కి, బస్సులు మారి, రేకు పెట్టెతో ఒక్కతే వచ్చేసింది. "వెనక్కి పో" అన్నాడు తాత. "పోను" అంది అత్త. "అయితే నాతోటి మాట్లాడకు" అన్నాడాయన, ఆ క్షణంలో నోటికొచ్చిన మాటగా. ఇద్దరికిద్దరూ మొండివాళ్లే. ఆ మాట అలాగే నిలబడి ఆరేళ్లయింది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండిన అన్నం తింటూ, ఒకరికొకరు ఒక్క మాట లేకుండా ఆరేళ్లు.

మాట లేకుండా ఇల్లు నడవదు కాబట్టి, వాళ్ల మధ్య మాటలు మోయడానికి నేనుండేదాన్ని. తాత పీట మీద కూర్చునేవాడు, అత్త రెండడుగుల దూరంలో గరిట పట్టుకుని నిలబడేది. మధ్యలో నేను. "సరోజా, ఇంకింత కూర వెయ్యాల్నా అడుగు మీ తాతను." "చాలని చెప్పు మీ అత్తకు." ఇద్దరూ ఇద్దరి మాటా వింటూనే ఉండేవాళ్లు. అయినా నేను తిరిగి చెప్పేదాకా ఎవరూ కదిలేవాళ్లు కాదు. నేను అప్పుడప్పుడు కొంటెతనానికి "చాలు" అన్నదాన్ని "ఇంకా కావాలంట" అని మార్చి చెప్పేదాన్ని. తాత నన్ను గుడ్లురిమి చూసి, వడ్డించింది మాత్రం మాట్లాడకుండా తినేవాడు. అప్పట్లో నాకది పెద్ద ఆటగా ఉండేది. ఆ ఇద్దరికీ అది ఎంత బరువో నాకు పిల్లలు పుట్టాక గానీ తెలియలేదు.

ఇక డేరా సంగతి. కోతలై చేలు ఖాళీ అయ్యాక, మా ఇంటి పక్కనున్న తాత చేలోనే టూరింగు టాకీసు డేరా లేచేది. దాని యజమాని రామయ్య, మధిర వైపు మనిషి, మాటకు ముందొక అండి, వెనకొక అండి. మిషను నడిపేదీ ఆయనే, మైకులో మాట్లాడేదీ ఆయనే. మంచుకు తడవకుండా, మేకలు నాకకుండా ఉండాలని రీలు డబ్బాలు మా ఇంటి అరుగు మీద పెట్టేవాడు. తెలుగు బొమ్మలు ఆడినన్నాళ్లు జనం మామూలుగా వచ్చేవాళ్లు. "టోపీ కరాటే" వచ్చిందంటే మాత్రం అడవి ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని, కాలినడకన, చంటిపిల్లలతో సహా దిగేవాళ్లు.

టోపీ కరాటే అనేది మా ఊరు పెట్టిన పేరు. అంతకుముందు టోపీల బొమ్మలు వేరు, కరాటే బొమ్మలు వేరు. టోపీల బొమ్మలో గుర్రాలు, దుమ్ము, తుపాకులు. అందులో ఎవరూ ఎక్కువ మాట్లాడరు, కళ్లు చిట్లించి చూసుకుంటారు. కరాటే బొమ్మలో గుడి మెట్లు, గురువుగారి తెల్లగడ్డం, గాల్లో తన్నులు. ఎవరికి పుట్టిందో ఆ బుద్ధి, రెంటినీ ఒకే కుండలో వేసి ఉడికించారు. తుపాకుల వీధిలోకి ఒక ఉత్తచేతుల వాడు నడిచొస్తాడు. టోపీవాడు పిస్తోలు తీసేలోగా వీడు గాల్లోకి లేచి ఆ చేతినే తన్నేస్తాడు. పిస్తోలు వెళ్లి గుర్రాల తొట్టిలో పడుతుంది. అంతే, ఈలలతో డేరా లేచిపోయేది. మా వాళ్లకు అది ఎందుకంత నచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తుంది. తుపాకీ అనేది మాకు అడవి గార్డు భుజం మీదో, దొరవారి గోడ మీదో కనిపించేదే గానీ మా చేతికి వచ్చే వస్తువు కాదు. చేతులూ కాళ్లూ అందరికీ ఉన్నాయి. అవి చాలు అని చెప్పే బొమ్మను ఎవరు వద్దంటారు? మర్నాడు ఊళ్లో ప్రతి గడ్డివామూ తన్నులు తినేది. నేను కూడా లంగా ఎగ్గట్టి ఎగిరి తన్ని, వెల్లకిలా పడి, "ఆడిపిల్లవు, గా కాళ్లు లేపుడేందే!" అని నాయనమ్మతో చీవాట్లు తిన్నాను.

చిక్కల్లా ఒక్కటే. అందులో మాటలన్నీ ఇంగ్లీషు. రామయ్యే ఒక చేత్తో మిషను చూసుకుంటూ, ఇంకో చేత్తో మైకు పట్టుకుని అర్థం చెప్పేవాడు. "ఇప్పుడు ఇతనికి కోపం వచ్చిందండి. కొట్టాడండి. మళ్లీ కొట్టాడండి. ఇది గుర్రం అండి." ఇంతకంటే ఎక్కువ ఆయనకూ తెలియదు. అయినా చెప్పేవాడు లేకపోతే బొమ్మ చప్పగా ఉండేది కాబట్టి ఆ మాత్రమైనా జనానికి కావాలి.

ఆ ఏడు మొదటి టోపీ కరాటే ఆడాల్సిన రోజున రామయ్యకు పంటినొప్పి వచ్చింది. దవడ బూరెలా పొంగింది. నోట్లో లవంగం, తల చుట్టూ తువ్వాలు. మధ్యాహ్నం మా అరుగు దగ్గరికి వచ్చి, మాట పెగలక, ఆట ఆపేయాలన్నట్టు చేతులు తిప్పాడు. అప్పటికే లచ్చయ్య వాళ్ల ఊరి వాళ్లు ముప్పై మంది దాకా వచ్చి చేలో కూర్చుని ఉన్నారు. అరుగు మీద అత్త పురాణం సాగుతోంది. ఎవరో రాక్షసుడు నేలకొరుగుతున్నాడు, తాత తాడు ఆగిపోయి ఉంది. రామయ్య కాసేపు అలాగే నిలబడి విన్నాడు. తర్వాత దవడ పట్టుకుని, ఒక్కో మాటా కూడగట్టుకుని, "అమ్మాయిగారు... ఇవాళ ఒక్క ఆటకి... మైకు దగ్గర కూర్చుంటే..." అన్నాడు.

తాత ఇటు తిరిగాడు. "ఇంటి ఆడిపిల్ల డేరాల మైకు పట్టుకొని అరుసుడా? ఏంది రామయ్యా, పంటినొప్పి నెత్తికెక్కిందా?"

లచ్చయ్య నెమ్మదిగా లేచాడు. "పటేలా, మా ఆడోళ్లు, పిల్లలు పొద్దుగాల లేచి నడిచొచ్చిండ్రు. ఈ అమ్మ చెప్తె మాకు తెలుస్తది. ఊకె సూసి పోతె ఏం తెలుస్తది?"

తన చేలోకి వచ్చిన మనుషుల్ని ఉత్తగా పంపడం మా తాత వల్ల అయ్యే పని కాదు. పేనుతున్న తాడు పక్కన పెట్టాడు. తర్వాత నన్ను పిలిచాడు. "సరోజా, మీ అత్తకు చెప్పు. గియ్యాల ఒక్కనాడే. నేను గూడ వచ్చి ముందట కూసుంట. కత గాడి తప్పి నలుగురు నవ్విండ్రా, మైకు బంద్. గీ అరుగు మీద పురాణం గూడ బంద్."

నేను ఆ మాట మోసుకెళ్లి చెప్పేలోగా అత్త ముఖం పాలిపోయింది. మైకు పోతే ఆమెకు పోయేదేమీ లేదు, అది ఇంకా చేతికే రాలేదు. కానీ ఆ మధ్యాహ్నాలు తప్ప ఆ ఇంట్లో ఆమెకు గొంతన్నదే లేదు. అవి కూడా పోతే, రోజంతా ఆమె పలికేవి కూర వెయ్యాల్నా, చారు పొయ్యాల్నా అనే నాలుగు మాటలే. వద్దనేస్తుందని అనుకున్నాను. ఆమె పుస్తకం మూసి, "సరే అన్ననని చెప్పు మీ తాతకు" అంది.

రామయ్య ఆమెకు కథ చెప్పి పోయాడు. చెప్పడమంటే మూడే ముక్కలు: చైనా, పెదనాన్న, బంగారం. ఆయన అటు వెళ్లి పడుకోగానే మా నాయనమ్మ రంగంలోకి దిగింది. కూతురు మొట్టమొదటిసారి ఊరందరి ముందు నోరు విప్పబోతోంది, అంతా శుభంగా జరగాలి. మా ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా, ఆ పనికి వాడే వస్తువును కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టడం ఆనవాయితీ. కొత్త కుండైనా అంతే, నాగలైనా అంతే, నా పలకైనా అంతే. ఇవాళ్టి పనికి వస్తువు ఏది? అరుగు మీదున్న ఏడు రేకు డబ్బాలు. నాయనమ్మ చింతపండూ బూడిదా వేసి వాటిని బిందెలు తోమినట్టు తళతళా తోమి, తుడిచి, పసుపు రాసి, ఒక్కో మూతకూ మూడేసి కుంకుమ బొట్లు పెట్టి, వరసగా నిలబెట్టి దండం పెట్టుకుంది. మూతల మీద రామయ్య సుద్దముక్కతో వేసుకున్న రీలు అంకెలు ఆ చింతపండుతో పాటే కొట్టుకుపోయాయి. ఆమె వాటిని మురికి గీతలు అనుకుంది.

పొద్దుగూకే వేళ డబ్బాల కోసం వచ్చిన రామయ్య, పసుపు ముఖాలతో కూర్చున్న ఆ ఏడింటినీ చూసి అక్కడే కూలబడ్డాడు. నోరు ఉంటే ఏమనేవాడో గానీ, ఆ రోజు ఆయనకు నోరు లేదు. ఊళ్లు తిరిగి తిరిగి రీళ్ల మొదళ్లు ఎప్పుడో అరిగి తెగిపోయాయి కాబట్టి లోపల చూసినా వరస తెలియదు. పేర్లు పడే రీలునూ, ఆఖరి రీలునూ వెలుతురుకు పట్టి కనిపెట్టాడు. మధ్యలో ఐదింటినీ దేవుడికి వదిలేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా మిషను దగ్గరికి వెళ్లిపోయాడు. ఈ సంగతి మాకు మర్నాడు గానీ తెలియలేదు.

డేరాలో ఇసుక మీద జనం కిక్కిరిసి ఉన్నారు. తాత అందరికంటే ముందు, కుర్చీ వేయించుకుని, కర్ర రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. అత్త తెర పక్కన పీట మీద, మైకు ముందు. నేను ఆమె కాళ్ల దగ్గర. తెర మీద ఓడ వచ్చింది, ఓడలోంచి జడ కుర్రాడు దిగాడు. అత్త నోట మాట రాలేదు. మైకులో ఆమె ఊపిరి ఒక్కటే బుసబుసమని వినిపిస్తోంది. వెనక ఎవరో ఈల వేశారు. ఆమె వేళ్లు నా భుజంలోకి దిగాయి. కళ్లు మూసుకుంది, తెరిచింది. అరుగు మీద పుట లేని చోట వినిపించే గొంతు పలికింది.

"ఈ పిలగాడు ఇంత దూరం ఎందుకొచ్చిండు? బంగారం కోసమంటరు. బంగారం కోసం మనిషి ఇన్ని సముద్రాలు దాటుతడా? కాదు. వీని అక్క ఇల్లిడిసి ఈ టోపీల దేశంల పడ్డది. నాయనకు కోపమొచ్చి మాట బంద్ చేసిండు. బంద్ చేసిండు గానీ లోపల కుములుతుండు. ఆఖరికి కొడుకును పిలిచి, పో బిడ్డా, మీ అక్కను తోలుకరా అన్నడు."

ఇది ఎవరింటి కథో మా ఊళ్లో తెలియనివాళ్లెవరు? డేరాలో తలలన్నీ తాత కుర్చీ వైపు తిరిగాయి. తాత కర్ర మీద చేతులు బిగించి తెర వైపే చూస్తున్నాడు. మన కథే ఎందుకు చెప్పావని అత్తను తర్వాత ఎన్నోసార్లు అడిగాను. ఆమె ఏమీ దాచలేదు. నోరు తెరిస్తే ఇంకేదీ రాలేదని చెప్పింది.

ఆ తర్వాత ఆగలేదు మా అత్త. జడ కుర్రాడికి చిన్నోడని పేరు పెట్టింది. నల్ల టోపీ దుర్మార్గుడు మీసాలాయన అయ్యాడు. సారా కొట్టులో వంటచేసే చైనా అమ్మాయి ఒకతి కనిపించగానే, "అదిగో అక్క!" అంది, డేరా మొత్తం నిట్టూర్చింది. చిన్నోడు ఎగిరి తన్నినప్పుడల్లా, ఆ తన్ను ఏ గురువు నేర్పాడో, ఎన్నాళ్లు ఉపవాసం ఉండి నేర్చాడో చెప్పేది. వెనక లచ్చయ్య అవన్నీ కోయ మాటల్లో తన వాళ్లకు చెప్పేవాడు. అందుకని ప్రతి నవ్వూ రెండుసార్లు వచ్చేది. ముందు మా వాళ్ల నవ్వు, అది ఆగేలోగా వెనకనుంచి వాళ్ల నవ్వు. వాళ్ల నవ్వే ఎప్పుడూ పెద్దగా ఉండేది. లచ్చయ్య తన సొంత మసాలా ఎంత కలిపాడో మాకు తెలియదు.

మూడో రీలులో మీసాలాయన చచ్చిపోయాడు. కొండ మీద పెద్ద కొట్లాట, తూటా తగిలి చిన్నోడి గుర్రం కుంటుకుంటూ తిరిగింది, మీసాలాయన లోయలో పడ్డాడు. అత్త వాడికి తగిన మాటలతో సాగనంపింది. దీపం వెలిగింది, రామయ్య రీలు మార్చాడు, దీపం ఆరింది. తెర మీద మీసాలాయన చుట్ట కాలుస్తూ నవ్వుతున్నాడు.

ఒక్కసారిగా గోల. ఈలలు, ఇసుక విసరడాలు. "సచ్చినోడు లేచిండ్రో!" అని కేకలు. నేను అత్త ముఖం చూశాను. నోరు తెరుచుకునే ఉంది. పుట లేని చోట దాటడం ఆమెకు వచ్చు గానీ, చచ్చినవాడు పుటలోంచి లేచి వస్తే ఏం చేయాలి? గాడి తప్పింది, నలుగురూ నవ్వుతున్నారు, అయిపోయింది అనుకున్నాను. సరిగ్గా అప్పుడే తాత కుర్చీలోంచి లేచి, కర్ర నేలకు కొట్టాడు.

"ఏయ్! గా సచ్చినోడు ఎట్ల లేచిండు? చెప్పు!"

నా వైపు చూడలేదాయన. సూటిగా అత్త వైపే చూస్తున్నాడు. అలవాటు కొద్దీ ఆ మాట మోయడానికి నోరు తెరిచాను, కానీ అది అప్పటికే చేరిపోయింది. ఈలలు ఆగిపోయాయి, ఎందుకో పెద్దవాళ్లందరికీ తెలుసు. అప్పుడు వెనకనుంచి లచ్చయ్య గొంతు వినిపించింది.

"అమ్మా, గుర్రం సూడు. ఇందాక ముందటి కుడికాలు కుంటింది. ఇప్పుడు మంచిగ దుంకుతాంది. కాలికి మచ్చ గూడ లేదు. దానికింకా దెబ్బ తాకలే."

అత్త తెర వైపు చూసింది. ఆమె కళ్లల్లో వెలుగు రావడం నేను కళ్లారా చూశాను. తండ్రి వైపు తిరిగి, మైకులోనే, "చెప్త నాయనా, జర కూసో" అంది. "సచ్చినోడు లేవలే. ఇది వాడు సావకముందు ముచ్చట. చిన్నోడు గుర్రం కాలుకు కట్టుకట్టుకుంట, ఎనకటిదంత యాదికి తెచ్చుకుంటుండు."

తాత కూర్చున్నాడు. ఇక ఆ తర్వాత జరిగిన ఆటను నేను ఏ సినిమా హాల్లోనూ చూడలేదు. రీలు మారగానే జనమంతా వెనక్కి తిరిగి లచ్చయ్యను చూసేవాళ్లు. ఆయన కళ్లు చిట్లించి, చిన్నోడి చొక్కా చిరుగునూ, గడ్డాన్నీ, గుర్రం నడకనూ చూసి, "ఇది ముందటిది" అనో "ఇది ఎనకటిది" అనో తేల్చేవాడు. అడుగుజాడ చూసి జంతువు ఎప్పుడు పోయిందో చెప్పే మనిషికి అదొక లెక్కా! ఆయన తేల్చగానే అత్త కథ అందుకునేది. ఆఖరి రీలులో చిన్నోడూ ఆ అమ్మాయీ గుర్రం మీద ఎర్రటి పొద్దులోకి వెళ్లిపోయారు. "అక్కను తీస్కొని ఇంటితొవ్వ పట్టిండు" అంది అత్త. మిషను ఆగినా కాసేపటిదాకా ఎవరూ లేవలేదు.

ఇంటికి వచ్చాక మాత్రం తాత ఎప్పటిలా గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను సంబరంగా, "తాత అత్తతో మాట్లాడిండు!" అంటే, నాయనమ్మ పెదవి విరిచింది. "మైకుతోటి మాట్లాడిండే పిచ్చిదానా, దానితోటి కాదు" అంది. కథ గాడి తప్పిందా లేదా, పురాణం ఉన్నట్టా పోయినట్టా, ఎవరూ తేల్చలేదు. అత్త నా పక్కన పడుకుని కళ్లు తెరుచుకునే ఉంది.

ఇప్పుడు మా మనవడికి ఏ కథ కావాలన్నా సరైన వరసలో, సరైన తెలుగులో, వేలి కొసకు వస్తుంది. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకుంటాడు. నేను ఆ రోజులే మంచివని అనను. ఆ రోజుల్లో పంటినొప్పికి లవంగం తప్ప మందు లేదు, ఒక ఆడది అత్తిల్లు విడిచి వస్తే ఆరేళ్లు నోరు మూసుకోవాల్సి వచ్చేది. కానీ మనవడు పెట్టిన టీవీలో ఆ సినిమా అసలు కథ విన్నాక నాకు జాలేసింది. బంగారం దొరికిందట, కుర్రాడు ఇంకెవరితోనో సగం సగం పంచుకున్నాడట. ఆ వంట అమ్మాయి కుర్రాడికి ఏమీ కాదట. దానికోసమా ముప్పై మంది పొద్దున్నే లేచి నడిచొచ్చింది? మా డేరాలో ఆడింది అంతకంటే పెద్ద సినిమా. అది తీసినవాళ్లకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

డేరాలో ఆట అయిన మర్నాడు పొద్దున, తాత సద్దన్నానికి పీట మీద కూర్చున్నాడు. అత్త మజ్జిగ ముంత పట్టుకుని రెండడుగుల దూరంలో నిలబడింది. నేను నా చోట, మధ్యలో నిలబడ్డాను. తాత రెండు ముద్దలు తిన్నాడు.

"సరోజా."

"ఆఁ, తాతా."

"నీకు బడి లేదా? పో."

నేను తలుపు చాటుదాకా పోయి ఆగాను. తాత కంచంలోకి చూస్తూ, గొంతు సవరించుకుని అడిగాడు.

"ఇంతకూ ఆ పిల్ల ఇంటికి పోయినంక, వాళ్ల నాయన రానిచ్చిండా?"

అత్త ఒక అడుగు దగ్గరికి జరిగింది. "బొమ్మల అది సూపియ్యలే నాయనా" అంది. "నువ్వే చెప్పాలె."

ఆయన ఇంకో ముద్ద కలిపాడు. కలిపిన ముద్దను మళ్లీ మళ్లీ కలుపుతూనే ఉన్నాడు.

"రానిచ్చిండు" అన్నాడు తాత. "రామయ్య దవడ ఇంకా దిగలేదంట. ఇయ్యాల గూడ నువ్వే చెప్పు. జర మజ్జిగ పొయ్యి, బిడ్డా."